మిద్దె మీద ట్యాంకు స్టాండు: ఇనుము ఎక్కడ తట్టుకుంటుంది, ఎక్కడ వంగుతుంది, లెక్క ఎలా వేయాలి

తిరుపతిలో ఏ వీధిలో మిద్దె ఎక్కి చూసినా నాలుగు కాళ్ల ఇనుప స్టాండు, దాని మీద వెయ్యి లీటర్ల ట్యాంకు కనబడుతుంది. కాళ్లకు మంచి లావు యాంగిలర్ (L ఆకారపు ఇనుప బద్ద) వేసి, పైన అడ్డానికి మాత్రం మిగిలిన ముక్కలు వెల్డింగ్ చేసేయడం మామూలు. బరువు కాళ్ల మీదే కదా పడేది అన్న లెక్క. నిజానికి కాళ్లలో ఇనుముకు పెద్ద కష్టమే ఉండదు. కష్టమంతా అడ్డంగా పడుకున్న ముక్కలోనే. ఒకే సైజు యాంగిలర్, ఒకే ట్యాంకు, ఒకే బరువు. నిలబెడితే అందులో పుట్టే స్ట్రెస్, అంటే ప్రతి చదరపు మిల్లీమీటరు ఇనుము మీద పడే బలం, 11.5 న్యూటన్లు, పడుకోబెడితే 266. ఆ తేడా ఎలా వస్తుందో, మీ స్టాండుకు దాన్ని ఎలా లెక్కగట్టాలో ఒక్కో అడుగుగా చూద్దాం. కాలిక్యులేటరు, టేపు, ఒక దారం ఉంటే చాలు. డిప్లొమా మొదటి ఏడాది పిల్లలు కూడా చేయగలిగిన లెక్కే ఇది.

ముందు చేత్తో చూడండి

లెక్కలోకి దిగేముందు అరగంట పని. 8 మిల్లీమీటర్ల టీఎంటీ కమ్మీ ఒకటి, 12 మిల్లీమీటర్లది ఒకటి, 1.2 మీటర్ల చొప్పున కోయించుకోండి. రెండు స్టూళ్లను సరిగ్గా మీటరు ఎడంగా పెట్టి 8 కమ్మీని వాటి మీద అడ్డంగా ఉంచండి. రెండు ఆనుపుల దగ్గర, కమ్మీ పైఅంచు మీదుగా దారం బిగించి కట్టండి. కమ్మీ ఎంత దిగిందో ఈ దారం నుంచే కొలుస్తాం. ఇప్పుడు బకెట్టుతో కలిపి 5 కిలోలు తూగేలా నీళ్లు పోసి నడిమధ్యన తగిలించండి. కమ్మీ 26 మిల్లీమీటర్ల దాకా దిగుతుంది. బకెట్టు తీయగానే మళ్లీ నిటారవుతుంది. అలా తిరిగి వచ్చినంత వరకే ఇనుము తన హద్దులో ఉన్నట్టు.

అదే బకెట్టును 12 కమ్మీకి తగిలిస్తే 5 మిల్లీమీటర్లే దిగుతుంది. లావు ఒకటిన్నర రెట్లు పెరిగితే వంగడం అయిదో వంతుకు పడిపోయింది, ఎందుకంటే గుండ్రటి కమ్మీ బిగువు (వంగకుండా ఎదిరించే గుణం) వ్యాసానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. మళ్లీ 8 కమ్మీకే వచ్చి స్టూళ్లను అర మీటరు ఎడానికి జరపండి. ఈసారి 3 మిల్లీమీటర్లు మాత్రమే దిగుతుంది. ఎడం సగమైతే వంపు ఎనిమిదో వంతు. ఖర్చు లేకుండా స్టాండును గట్టి చేయాలంటే ఇదే మొదటి దారి: ఆనుపుల మధ్య దూరం తగ్గించడం.

మీటరు ఎడం మీదే బరువును 10 కిలోలకు పెంచితే 8 కమ్మీలో స్ట్రెస్ చదరపు మిల్లీమీటరుకు 500 న్యూటన్ల దగ్గరికి చేరుతుంది. హద్దు 500 ఉన్న ఎఫ్ఈ 500 రకం కమ్మీ దాదాపుగా తిరిగి వస్తుంది. పాతకాలపు నున్నటి సాదా కమ్మీకి హద్దు 250 దగ్గరే కాబట్టి అది వంగి అలాగే ఉండిపోతుంది. రెండూ ఇనుమే, దిగడం మొదట్లో రెండింటిదీ ఒకటే. బిగువు వేరు, బలం వేరు అని చూపించడానికి ఇంతకంటే తేలికైన పరీక్ష లేదు. ఖరీదైన గ్రేడు కొన్నంత మాత్రాన వంపు తగ్గదు.

మొదటి అడుగు: బరువు రాసుకోండి

వెయ్యి లీటర్ల నీళ్లు వెయ్యి కిలోలు. ట్యాంకు 25 నుంచి 30 కిలోలు. ప్లాస్టిక్ ట్యాంకు అడుగు మొత్తం చదునుగా ఆనాలి కాబట్టి కింద 5 మిల్లీమీటర్ల ఇనుప ప్లేటు వేస్తే 1.2 మీటర్ల చదరానికి మరో 60 కిలోల దాకా వస్తుంది. పైపులు, వాల్వులు అన్నీ కలిపి 1,120 కిలోలు అనుకుందాం. కిలోను న్యూటన్లలోకి మార్చడానికి 9.81తో హెచ్చించాలి. దగ్గరదగ్గర 11,000 న్యూటన్లు. ఇక్కడి నుంచి బలమంతా న్యూటన్లలో, పొడవులు మిల్లీమీటర్లలో, స్ట్రెస్ అంకెలు చదరపు మిల్లీమీటరుకు న్యూటన్లలో. ఒక చోట మీటర్లు, ఒక చోట మిల్లీమీటర్లు కలిపితే జవాబు వెయ్యి రెట్లు తప్పుతుంది. ఈ లెక్కల్లో ఎక్కువ తప్పులు అక్కడే జరుగుతాయి.

స్టాండు కొలత: పైన 1.2 మీటర్ల చదరం, ఎత్తు 1.5 మీటర్లు, కాళ్లు 50×50×5 యాంగిలర్.

రెండో అడుగు: కాలు

నాలుగు కాళ్లు బరువును నాలుగు సమపాళ్లుగా పంచుకుంటాయని నమ్మకండి. నేల ఒక్క మిల్లీమీటరు ఎత్తుపల్లాలుగా ఉన్నా ఒక కాలు తేలిపోతుంది. అప్పుడు ఎదురెదురు మూలల్లోని రెండు కాళ్లే దాదాపు మొత్తం మోస్తాయి. అందుకని ఒక్కో కాలికి సగం బరువు, అంటే 5,500 న్యూటన్లు వేసుకోండి.

50×50×5 యాంగిలర్ అడ్డుకోత వైశాల్యం 479 చదరపు మిల్లీమీటర్లు. 5,500 ÷ 479 = 11.5. మామూలు మైల్డ్ స్టీలు హద్దు 250. కాలు ఎంత కుదించుకుపోతుందో కూడా చూడండి. స్ట్రెస్‌ను యంగ్స్ మాడ్యులస్‌తో (పదార్థం బిగువును చెప్పే అంకె, ఇనుముకు 2,00,000) భాగిస్తే స్ట్రెయిన్, అంటే పొడవులో ఎంత వంతు మారిందన్నది, 0.0000575. కాలి పొడవు 1,500తో హెచ్చిస్తే 0.086 మిల్లీమీటరు. మిల్లీమీటరులో పదో వంతు కూడా లేదు.

ఇంత తక్కువ కదా అని కాలిని ఇంకా సన్నం చేయబోకండి. సన్నటి పొడుగు కాలు నలిగి చెడదు, పక్కకు విల్లులా వంగి చెడుతుంది. దీన్నే బక్లింగ్ అంటారు. 30 సెంటీమీటర్ల ప్లాస్టిక్ స్కేలును బల్ల మీద నిలబెట్టి పైనుంచి వేలితో నొక్కితే అదే కనిపిస్తుంది. బక్లింగ్‌లో ఇనుము బలం కాదు, దాని బిగువు, పొడవు, అన్నిటికంటే సన్నగా ఉన్న దిశ ముఖ్యం. యాంగిలర్‌కు ఆ బలహీన దిశ ఐమూలగా ఉంటుంది. ఆ దిశలో 50×50×5కి జడత్వ మూమెంటు, అంటే ముక్క ఆకారం వంపును ఎంత ఎదిరిస్తుందో చెప్పే అంకె, దాదాపు 45,000 (మిల్లీమీటర్ల నాలుగో ఘాతంలో).

కాలు ఎంత బరువుకు బక్లింగ్ అవుతుందో చెప్పేది ఆయిలర్ సూత్రం: 9.87 × 2,00,000 × 45,000ను పనిచేసే పొడవు వర్గంతో భాగించాలి. పనిచేసే పొడవు అన్నదే అసలు కీలకం. ఏటవాలు పట్టీలు లేకుండా, పైభాగం అటూ ఇటూ ఊగగలిగేలా నిలబెట్టిన కాలికి అది అసలు పొడవుకు రెట్టింపు, 3,000. అప్పుడు కాలు మోయగలిగేది 9,900 న్యూటన్లు. మనకు కావాల్సిన 5,500కి 1.8 రెట్లు మాత్రమే. యాంగిలర్ కొంచెం వంకరగా ఉన్నా, ఒక కాలు ఏటవాలుగా వెల్డింగ్ అయినా ఆ కాస్త వెసులుబాటు కరిగిపోతుంది. నాలుగు వైపులా ఒక్కో ఏటవాలు పట్టీ, 1.92 మీటర్ల 40×40×5 యాంగిలర్, వేశారంటే పైభాగం ఊగదు, పనిచేసే పొడవు 1,500కి వస్తుంది, మోత 39,500కి చేరుతుంది. నాలుగు రెట్లు. 23 కిలోల ఇనుముతో వచ్చే లాభం ఇది. కాళ్లను లావు చేసి ఇంత లాభం తేవాలంటే చాలా ఎక్కువ ఖర్చవుతుంది. పట్టీ వేయని స్టాండును, ఎంత లావు కాళ్లున్నా, ఒప్పుకోకండి.

మూడో అడుగు: అడ్డ దూలం. అసలు పరీక్ష ఇక్కడే

పైన రెండు వైపులా రెండు ప్రధాన దూలాలు. ఒక్కోదాని మీద సగం బరువు, 5,500, పొడవంతా పరుచుకుని ఉంటుంది. ఎడం 1,200. దూలాన్ని వంచే ప్రభావాన్ని బెండింగ్ మూమెంట్ అంటారు. బెండింగ్ మూమెంట్ = బరువు × ఎడం ÷ 8. అంటే 5,500 × 1,200 ÷ 8 = 8,25,000.

దూలం వంగినప్పుడు పైఅంచు నొక్కుకుపోతుంది, కిందిఅంచు సాగుతుంది, మధ్యలో ఉన్న ఇనుముకు దాదాపు పనే ఉండదు. అందుకే ఇక్కడ వైశాల్యం లెక్కకు రాదు. ఇనుము మధ్య నుంచి ఎంత దూరంగా పైకీ కిందికీ పంచి ఉందన్నదే లెక్క. ఆ గుణాన్ని సెక్షన్ మాడ్యులస్ అంటారు. 50×50×5 యాంగిలర్‌కు అది 3,100. స్ట్రెస్ = 8,25,000 ÷ 3,100 = 266. హద్దు 250 దాటేసింది. కాలిగా హాయిగా నిలబడిన యాంగిలరే దూలంగా పడుకోబెడితే ట్యాంకు నిండిన మొదటి రోజే వంగిపోతుంది, ఖాళీ చేసినా తిరిగి రాదు.

65×65×6 యాంగిలర్ తీసుకుంటే సెక్షన్ మాడ్యులస్ 6,300, స్ట్రెస్ 131. పనిచేసే హద్దుగా 250లో 0.66 వంతు, అంటే 165 పెట్టుకోవడం ఐఎస్ 800 (ఇనుప కట్టడాలకు భారతీయ ప్రమాణం) పద్ధతి. 131 దాని లోపలే ఉంది, కానీ యాంగిలర్‌కు ఇంకో గుణం ఉంది: దూలంగా వాడితే నేరుగా కిందికి దిగడమే కాక కొంచెం మెలిపడుతుంది. మా సలహా 75 ఛానల్ (75 మిల్లీమీటర్ల ఎత్తున్న C ఆకారపు ఇనుప దూలం). దాని మాడ్యులస్ 20,300, స్ట్రెస్ 41. మీటరుకు 6.8 కిలోలు తూగుతుంది, 65 యాంగిలర్ 5.8. మీటరుకు ఒక కిలో తేడాతో మూడు రెట్లకు పైగా బలం వస్తుంటే వెనకాడాల్సిన పనిలేదు.

వంపు కూడా చూసుకోవాలి. అంతటా పరుచుకున్న బరువుకు సూత్రం: 5 × బరువు × ఎడం ఘనం ÷ (384 × 2,00,000 × జడత్వ మూమెంటు). 75 ఛానల్‌కు జడత్వ మూమెంటు 7,60,000, దిగేది 0.8 మిల్లీమీటరు. 50 యాంగిలర్‌కు 1,10,000. సూత్రం ప్రకారం 5.6 మిల్లీమీటర్లు, హద్దు దాటింది కాబట్టి నిజంగా ఇంకా ఎక్కువ.

ముక్కను ఎటు తిప్పి పెట్టారన్నది కూడా దూలంలో ప్రాణంతో సమానం. 50×6 పట్టీని పడుకోబెడితే మాడ్యులస్ 300. అంచు మీద నిలబెడితే 2,500. ఇనుము అదే, ఖర్చు అదే, ఎనిమిది రెట్ల బలం. ఛానల్ వీపు నిలువుగా ఉండాలి. వెల్డింగుకు సులువని పడుకోబెట్టి అతికించబోతే అక్కడే ఆపించండి.

రెండు ఛానళ్ల మధ్య అడ్డంగా అయిదు 50×50×5 యాంగిలర్లు, 300 మిల్లీమీటర్లకు ఒకటి. మధ్యలో ఉన్నవాటి మీద పావు బరువు చొప్పున, 2,750. మూమెంట్ 4,12,500, స్ట్రెస్ 133. ఇది చాలు. మూడే వేసి సరిపెడితే మధ్యదాని మీద సగం బరువు పడి మళ్లీ 266కి వచ్చేస్తారు.

కొట్టులో తూకం వేయించండి

పై అంకెలన్నీ యాంగిలర్ నిజంగా 5 మిల్లీమీటర్ల మందం ఉంటేనే. 50×50×5 మీటరుకు 3.8 కిలోలు తూగాలి. అంటే 6 మీటర్ల పొడవుకు 22.8. మీ చేతికొచ్చినది 19 కిలోలే తూగితే వైశాల్యం 479 కాదు, 400 దగ్గర. మీటరు బరువును 0.00785తో భాగిస్తే వైశాల్యం చదరపు మిల్లీమీటర్లలో వస్తుంది. కిలోల లెక్కన కొంటున్నప్పుడు తక్కువ బరువుంటే లాభమేలే అనుకోవద్దు, పోయేది బలం. చివర కోసిన చోట కాలిపర్‌తో మందం కూడా చూడండి. మొనల దగ్గర మందంగా, మధ్యలో పలచగా ఉండే సరుకు దొరుకుతుంది.

నాలుగో అడుగు: అతుకులు

దూలం చివర కాలి మీదికి దిగే బలం 2,750. ఎం12 (12 మిల్లీమీటర్ల వ్యాసం) బోల్టును అది అడ్డంగా కోయాలని చూస్తుంది. మరలున్న చోట వైశాల్యం 84, స్ట్రెస్ 33. ఒక్క బోల్టే చాలు, తిరగకుండా రెండు వేయండి. వెల్డింగ్ అయితే 5 మిల్లీమీటర్ల ఫిల్లెట్‌కు (రెండు ముక్కలు కలిసే మూలలో వేసే వెల్డింగ్) గొంతు మందం, అంటే బలం మోసే అతి సన్నటి మందం, 3.5. 50 మిల్లీమీటర్ల పొడవుకు స్ట్రెస్ 16. లెక్కలో వెల్డింగ్ ఎప్పుడూ పాసవుతుంది. నిజంలో తప్పేది నాలుగు చుక్కలు పెట్టి వదిలేసినందుకు, లోపల చిట్టెం మిగిలిపోయినందుకు, పలచటి గొట్టం గోడ కాలి సన్నబడినందుకు. రంగు వేయక ముందే సుత్తితో చిట్టెం రాలగొట్టించి, గీత అంతా ఒకే తీరుగా ఉందో లేదో కంటితో చూడండి. రంగు పడ్డాక ఏమీ తెలియదు.

అయిదో అడుగు: పాదం కింద ఏముంది

స్టాండు బాగుండి మిద్దె చీలిన ఇళ్లు ఉంటాయి. కట్టడాల మీద పడే భారాలకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 875 రెండో భాగం ప్రకారం మనుషులు తిరిగే మిద్దెకు వేసుకునే భారం చదరపు మీటరుకు 1,500 న్యూటన్లు. మన ట్యాంకు 1.44 చదరపు మీటర్ల మీద 11,000 పెడుతోంది, అంటే చదరపు మీటరుకు 7,600. అయిదు రెట్లు. స్లాబు నడిమధ్యన ట్యాంకు పెట్టొద్దనడానికి ఇదే కారణం. అక్కడ కింది కప్పులో కమ్మీల వెంట సన్నటి చీలికలు వస్తాయి, ఈశాన్య రుతుపవనాల వానలకు నీరు అందులోంచే దిగుతుంది, కమ్మీ తుప్పు పట్టి పెచ్చులు ఊడతాయి.

రెండు బీములు కలిసే మూలను ఎంచుకోండి. మూడు కాళ్లు పిల్లరు, బీముల మీదికి వస్తాయి. నాలుగోది స్లాబు మీద మిగులుతుంది. దాన్ని అలా వదలకుండా, రెండు వైపులా బీము మీదో గోడ మీదో ఆనే ఛానల్ ఒకటి వేసి దాని మీదికి ఎక్కించండి. దూలాల మీద ఇటుక పేర్చిన పాత మద్రాసు టెర్రస్ మిద్దె అయితే ట్యాంకును అసలు ఎక్కించొద్దు. నేల మీద విడిగా టవరు కట్టించుకోండి. 2,000 లీటర్లకు పోతుంటే స్ట్రక్చరల్ ఇంజినీరుతో ఒక కాగితం రాయించుకోవాలి.

కాలి కింద 150×150 బేస్ ప్లేటు తప్పనిసరి. యాంగిలర్ మొన నేరుగా ఆనితే అక్కడి ఒత్తిడి 11.5, ప్లేటు ఉంటే 0.24. మొన ఆనిన చోట కాంక్రీటు కంటే ముందు దాని మీది నీటి నిరోధక పూత చిట్లుతుంది.

గాలి, ఎండ, రాయి

నిండిన ట్యాంకు గాలికి కదలదు. ఖాళీది కదులుతుంది. సెకనుకు 40 మీటర్ల గాలి, అంటే గంటకు 144 కిలోమీటర్లు, చదరపు మీటరుకు 960 న్యూటన్ల ఒత్తిడి తెస్తుంది. 1.1 మీటర్ల వ్యాసం, 1.2 ఎత్తున్న ట్యాంకు మీద, గుండ్రటి ఆకారానికి 0.7 వంతే తీసుకుంటే, అది 890 న్యూటన్ల తోపు. నేల నుంచి 2.1 మీటర్ల ఎత్తున తోస్తే తిరగేసే మూమెంట్ 1,870 న్యూటన్ మీటర్లు. స్టాండు, ప్లేటు, ఖాళీ ట్యాంకు కలిపి 170 కిలోలు ఎదురు నిలిచేది 1,000 మాత్రమే. అందుకే ఒక్కో బేస్ ప్లేటుకు రెండు ఎం12 యాంకర్ బోల్టులు కావాలి. లేచే బలం కాలికి 360 న్యూటన్లే, బోల్టుకు అది లెక్కే కాదు, కానీ బోల్టు ఉండాలి. ట్యాంకును స్టాండుకు కట్టడం కూడా అంతే ముఖ్యం: 25 కిలోల ఖాళీ డబ్బా ఒంటరిగా అయితే తేలిగ్గా ఎగిరిపోతుంది. డిసెంబరులో తుపాను హెచ్చరిక వస్తే ట్యాంకు నింపి పెట్టండి. మీ ఊరికి వేసుకోవాల్సిన గాలి వేగం ఐఎస్ 875 మూడో భాగంలో ఉంటుంది.

ఎండ సంగతి స్టాండుకు పట్టదు, పైకప్పు రేలింగుకు పడుతుంది. ఇనుము డిగ్రీకి, మీటరుకు 0.012 మిల్లీమీటరు సాగుతుంది. చలికాలం తెల్లవారుజాముకూ మే నెల మధ్యాహ్నానికీ ఇనుములో 40 డిగ్రీల తేడా అనుకుంటే 6 మీటర్ల పైపు 2.9 మిల్లీమీటర్లు పెరుగుతుంది. రెండు చివరలూ గోడలో బిగించేస్తే పెరగడానికి చోటు లేక లోపల 96 స్ట్రెస్ పుడుతుంది, పైపు బాగానే ఉంటుంది, పిట్టగోడ చీలుతుంది. ఒక చివర పైపు జారేలా గొట్టం తొడుగు పెట్టండి.

ఇనుము బదులు కడప బండో, చిత్తూరు గ్రానైటు పలకో దూలంగా వాడతామంటే ఒక్క మాట. రాయి నొక్కుడుకు మహా గట్టిది, సాగదీతకు అందులో పదో వంతు కూడా ఉండదు. పైగా ఇనుములా ముందు వంగి చెప్పదు, ఒక్కసారిగా విరుగుతుంది. వంటింటి అటకకు 25 మందం, 450 వెడల్పు బండను 900 ఎడం మీద వేసి మధ్యలో 60 కిలోల బస్తా పెడితే కిందిఅంచులో స్ట్రెస్ 3.5. ఎడం 1,200 అయితే 5. వెంట్రుక చీలిక ఉన్న బండకు ఆ అయిదే ఎక్కువ. బండను తట్టి చూసి, ఖంగుమనకుండా మొద్దుగా మోగితే తీసుకోకండి. ట్యాంకు కింద దూలంగా మాత్రం రాయి వద్దు.

చివరి అడుగు: మొదటిసారి నింపడం

నాలుగు కాళ్ల తలల దగ్గర, ఎదురెదురు మూలలకు ఐమూలగా, అడ్డ యాంగిలర్ల అడుగుకు కాస్త కిందుగా దారం బిగించి కట్టండి. అది మధ్య యాంగిలర్ నడుమ కిందుగా పోతుంది. ఖాళీ ట్యాంకుతో అక్కడ దారానికీ యాంగిలర్‌కూ మధ్య సందు కొలిచి రాసుకోండి. పావు వంతు చొప్పున నింపుతూ ప్రతిసారీ పది నిమిషాలు ఆగి కొలవండి. నిండేసరికి లెక్క ప్రకారం ఛానల్ 0.8, దాని మీద యాంగిలర్ 2.8, మొత్తం 3.6 మిల్లీమీటర్లు తగ్గాలి. వెల్డింగ్, పైప్లేటు సాయం వల్ల నిజంగా అంతకంటే కొంత తక్కువే వస్తుంది. ప్రతి పావుకూ తగ్గుదల ఇంచుమించు సమానంగా ఉండాలి. మూడో పావు దాకా ఒకలా ఉండి నాలుగో పావులో ఉన్నట్టుండి ఎక్కువ దిగితే అక్కడే నీళ్లు ఆపి, ట్యాంకు ఖాళీ చేయండి.

రాత్రంతా నిండుగా ఉంచి పొద్దున ఖాళీ చేసి మళ్లీ కొలవండి. సందు మొదటి అంకెకు, అర మిల్లీమీటరు అటూ ఇటూ, తిరిగి రావాలి. రాకపోతే ఏదో ముక్క హద్దు దాటింది, లేదా ఒక అతుకు జారింది. అతుకులు ముందు చూడండి. అవి బాగుంటే యాంగిలర్ మందం కొలిచి, తక్కువగా ఉన్నదాన్ని మార్చి, దారం పరీక్ష మళ్లీ మొదటి నుంచి చేయండి.